తెలిసిన రోజుకీ అందిన రోజుకీ మధ్య

1897 ఆగస్టు. సికింద్రాబాదులో ఒక సైనిక వైద్యుడు ఉక్కపోతలో కూర్చుని దోమల పొట్టలు కోసి చూస్తున్నాడు. పంకా వేయించుకుందామంటే కోసిపెట్టుకున్న దోమలు ఎగిరిపోతాయి. నుదుటి నుంచీ చేతుల నుంచీ కారిన చెమటకి మైక్రోస్కోపు మరలు తుప్పుపట్టాయి. మిగిలిన ఒక్క కటకం కూడా పగిలి ఉంది. హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగి, దోమకి ఒక అణా చొప్పున తీసుకుని, వాటి చేత కుట్టించుకుంటున్నాడు. ఆగస్టు 20న ఆ వైద్యుడు రోనాల్డ్ రాస్‌కి ఒక దోమ పొట్టగోడలో నల్లటి రేణువులు నిండిన గుండ్రటి కణాలు కనిపించాయి. మలేరియా క్రిమి దోమ ఒంట్లో పెరుగుతుందని లోకానికి అలా తెలిసింది.

మలేరియాకి మొట్టమొదటి టీకాని పిల్లలకి వేయమని ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫార్సు చేసింది 2021 అక్టోబరులో. మధ్యలో 124 ఏళ్లు గడిచాయి.

ఇలా లెక్కేసుకోవడం నాకు అలవాటైపోయింది. సైన్సులో ఏ మంచి వార్త చదివినా రెండు తేదీలు వెతుక్కుంటాను. సంగతి ఎప్పుడు తెలిసింది? మనిషికి ఎప్పుడు అందింది? కొన్ని చోట్ల ఆ రెండు తేదీలూ ఈ మూడు నాలుగేళ్లలో చాలా దగ్గరికి వచ్చాయి. ఈ రోజుల్లో నాకు ధైర్యం ఇస్తున్న విషయం అదే. అయితే అందడం అంటే ఎవరికి అందడం అన్న దగ్గర మనం ఇంకా గట్టిగా మాట్లాడటం లేదు. అందుకే ఈ వ్యాసం.

సికిల్ సెల్ వ్యాధినే తీసుకోండి. మామూలు ఎర్ర రక్తకణం గుండ్రటి బిళ్లలా, మధ్యలో కాస్త నొక్కినట్టు ఉంటుంది. చాలా మెత్తన. తనకన్నా సన్నటి రక్తనాళం ఎదురైనా వంగి, సాగి, దూరి వెళ్లిపోతుంది. ఈ వ్యాధి ఉన్నవాళ్లలో హిమోగ్లోబిన్ తన దగ్గరున్న ఆక్సిజన్ వదిలేశాక ఒకదానికొకటి అతుక్కుని గట్టి పోగుల్లా తయారవుతుంది. ఆ పోగులు కణాన్ని లోపలి నుంచి నెట్టి కొడవలిలా వంచేస్తాయి. ఆ కొడవళ్లు సన్నటి నాళాల్లో చిక్కుకుంటే అక్కడికి రక్తం అందదు. దాంతో భరించలేని నొప్పి మొదలవుతుంది. పసిపిల్లలకి కూడా వస్తుంది ఆ నొప్పి.

షికాగో వైద్యుడు జేమ్స్ హెరిక్ ఈ కొడవలి కణాల గురించి రాసింది 1910లో. లోపం హిమోగ్లోబిన్ అణువులోనే ఉందని 1949లో లైనస్ పాలింగ్ బృందం చూపించింది. 1957లో వెర్నన్ ఇంగ్రామ్ ఇంకా లోపలికి వెళ్లి, ఆ ప్రొటీన్‌లో ఒకే ఒక్క అమైనో ఆమ్లం మారిపోయిందని తేల్చాడు. అంటే జన్యువులో ఒక్క అక్షరం తప్పు. తప్పు ఎక్కడుందో తెలిసింది కానీ దాన్ని ఏమైనా చేయడానికి చేతిలో పనిముట్టు లేదు.

ఆ పనిముట్టు జాడ ఎక్కడ దొరికిందో తెలిస్తే ఆశ్చర్యంగా ఉంటుంది. పాలని తోడుకునేలా చేసే బ్యాక్టీరియాలో! వైరస్ దాడి చేసినప్పుడు బ్యాక్టీరియా దాని జన్యుపదార్థంలోంచి చిన్న ముక్క తీసి తనలో దాచుకుంటుంది. అదే వైరస్ మళ్లీ వస్తే ఆ ముక్కతో పోల్చి గుర్తుపట్టి, కత్తిరించి పారేస్తుంది. పెరుగు, చీజ్ తయారీలో వాడే బ్యాక్టీరియా మీద పనిచేస్తున్న శాస్త్రవేత్తలు 2007లో దీన్ని ప్రయోగంతో నిరూపించారు. ఈ కత్తెర మనం చెప్పిన చోట కోసేలా చేయవచ్చని 2012లో జెన్నిఫర్ డౌడ్నా, ఇమ్మాన్యుయెల్ షార్పాంతియే చూపించారు. అదే క్రిస్పర్. 2020లో వాళ్లిద్దరికీ నోబెల్ వచ్చింది.

ఇంకో దారి వేరేచోట నుంచి వస్తోంది. ఈ వ్యాధితో పుట్టిన పిల్లలు మొదటి కొన్ని నెలలు హాయిగానే ఉంటున్నారని 1948లో బ్రూక్లిన్‌లో పిల్లల వైద్యురాలు జానెట్ వాట్సన్ గమనించారు. తల్లి కడుపులో ఉన్నప్పుడు బిడ్డ ఒంట్లో వేరే రకం హిమోగ్లోబిన్ తయారవుతుంది. అది కొడవలిగా మారదు. పుట్టాక కొన్నాళ్లకి దాని తయారీ ఆగిపోతుంది. ఆపే పని చేసేది బీసీఎల్11ఏ అనే జన్యువని 2008లో విజయ్ శంకరన్, స్టువర్ట్ ఆర్కిన్ బృందం కనిపెట్టింది. రోగి రక్తపు మూలకణాలు బయటికి తీసి, క్రిస్పర్‌తో ఆ జన్యువు నోరు కట్టేసి, మళ్లీ ఒంట్లోకి ఎక్కిస్తే? పసితనపు హిమోగ్లోబిన్ మళ్లీ మొదలవుతుంది. క్యాస్‌జెవీ అనే చికిత్స అదే. 2023 నవంబరులో బ్రిటన్, డిసెంబరులో అమెరికా దీన్ని అనుమతించాయి. తగినంత కాలం గమనించిన 31 మంది రోగుల్లో 29 మందికి కనీసం ఏడాది పాటు తీవ్రమైన నొప్పి రాలేదు.

లోపం ఇదీ అని తెలిశాక 66 ఏళ్లకి దొరికింది ఈ చికిత్స.

ఇప్పుడు 2025కి రండి. ఫిలడెల్ఫియా పిల్లల ఆసుపత్రిలో ఒక పసివాడు. ప్రొటీన్ అరిగాక పుట్టే అమ్మోనియాని కాలేయం యూరియాగా మార్చి బయటికి పంపాలి. అందుకు కావలసిన ఎంజైము వాడి కాలేయంలో తయారు కావడం లేదు. అమ్మోనియా పేరుకుంటే మెదడు దెబ్బతింటుంది, ప్రాణం పోతుంది. బిడ్డకి తిండే విషమవుతున్న పరిస్థితి. అటువంటి లోపం ఎంత అరుదంటే, ఏ మందుల కంపెనీ లెక్కలోకీ రాదు. డాక్టర్ రెబెకా అహ్రెన్స్-నిక్లస్, డాక్టర్ కిరణ్ ముసునూరు కలిసి ఆ ఒక్క బిడ్డ జన్యువులోని ఆ ఒక్క తప్పు కోసమే మందు తయారు చేయించారు. ముసునూరు అన్న ఇంటిపేరుని మన పాఠకులకి పరిచయం చేయనక్కర్లేదు. జన్యువుని తెగ్గొట్టకుండా అక్షరాన్ని మాత్రమే మార్చే పద్ధతి డేవిడ్ లియు ప్రయోగశాలలో 2016లో పుట్టింది. దాన్ని కొవ్వు బుడగల్లో ఎంఆర్ఎన్ఏగా, అంటే ఏ ప్రొటీన్ తయారు చేయాలో కణానికి చెప్పే తాత్కాలిక సందేశంగా పెట్టి కాలేయానికి పంపారు. కోవిడ్‌కి వేసిన ఎంఆర్ఎన్ఏ టీకాలు ఎక్కించింది కూడా ఇలాంటి బుడగల్లోనే. మొదటి మోతాదు ఫిబ్రవరిలో ఇచ్చారు. ఏప్రిల్ కల్లా మూడు పూర్తయ్యాయి. ఆ తర్వాత ఆ పిల్లాడు ఎక్కువ ప్రొటీన్ తట్టుకోగలిగాడు, మందులు తగ్గాయి. పూర్తిగా నయమైందని వైద్యులు అనలేదు, జీవితాంతం గమనిస్తూ ఉండాలన్నారు. కానీ ఆ మందు తయారు కావడానికి పట్టిన కాలం ఆరు నెలలు.

ఈ వార్త చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. సంతోషంతోనే.

మర్నాడు మాత్రం రెండో ప్రశ్న గుర్తొచ్చింది. క్యాస్‌జెవీ ధర అమెరికాలో 22 లక్షల డాలర్లు. డబ్బు ఒక్కటే కాదు. తీసిన కణాలు ప్రయోగశాలకి వెళ్లి తిరిగి రావడానికి నెలలు పడుతుంది. వాటిని ఎక్కించే ముందు గట్టి కీమో మందుతో మూలుగని ఖాళీ చేయాలి. తర్వాత వారాల తరబడి ఆసుపత్రిలో ఉండాలి. సికిల్ సెల్‌తో పుట్టే పిల్లల్లో అత్యధికులు ఆఫ్రికాలో ఉన్నారు, భారతదేశంలోనూ చాలామంది ఉన్నారు. అక్కడ ఈ సదుపాయాలన్నీ ఉన్న ఆసుపత్రులు ఎన్ని? ఒంట్లోంచి కణాలు తీయకుండా ఒక్క సూదితో పని జరిగే మార్గం కోసం పరిశోధకులు ఇప్పుడు పనిచేస్తున్నారు. పేద దేశాలకి పనికొచ్చేది అదేనని నా నమ్మకం. దాని మీద పెట్టే ప్రతి రూపాయీ, ప్రతి డాలరూ సద్వినియోగమే.

ధర తగ్గదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. తగ్గడం మనం చూశాం కనుక. హెచ్‌ఐవీకి మూడు మందులు కలిపి ఇచ్చే చికిత్స 1996లో వచ్చింది. ఏడాదికి 10 వేల డాలర్ల పైమాట. ధనిక దేశాల్లో రోగులు మంచం దిగి ఉద్యోగాలకి వెళ్లారు. ఆఫ్రికాలో మాత్రం మందు ఉందని తెలిసి కూడా లక్షల మంది చనిపోయారు. 2001 ఫిబ్రవరిలో భారతీయ కంపెనీ సిప్లా అదే చికిత్సని రోజుకి డాలరు లోపే ఇస్తామంది. కరిగించలేమనుకున్న ధర అలా కరిగింది. ఆ అయిదేళ్ల ఆలస్యాన్ని మాత్రం ఎవరూ వెనక్కి తేలేరు.

ఇప్పుడు లెనకపావిర్ సంగతి చూడండి. హెచ్‌ఐవీ వైరస్ తన జన్యుపదార్థాన్ని కోను ఆకారంలో ఉండే ఒక తొడుగులో దాచుకుంటుంది. యూటా విశ్వవిద్యాలయంలో వెస్లీ సండ్‌క్విస్ట్ లాంటివాళ్లు ఆ తొడుగు నిర్మాణాన్ని ఏళ్ల తరబడి అధ్యయనం చేశారు. ఈ మందు ఆ తొడుగునే పట్టుకుంటుంది. ఆరు నెలలకి ఒక్క సూది. వ్యాధి రాకుండా కాపాడుతుందా అని దక్షిణాఫ్రికా, ఉగాండాల్లో యువతుల మీద పరీక్షించారు. ఈ సూది తీసుకున్నవాళ్లు 2,134 మంది. 2024లో ఫలితాలు వచ్చినప్పుడు వాళ్లలో హెచ్‌ఐవీ సోకినవాళ్లు ఎందరు? సున్నా. రోజూ మాత్ర వేసుకుంటే ఇంట్లోవాళ్లు అనుమానిస్తారని భయపడే అమ్మాయికి ఏడాదికి రెండు సూదులు ఎంత పెద్ద రక్షణో ఆలోచించండి.

అమెరికాలో దీనికి 2025 జూన్‌లో అనుమతి వచ్చింది. ధర ఏడాదికి 28 వేల డాలర్లకి పైనే. అదే ఏడాది సెప్టెంబరులో, 2027 నుంచి 120 పేద, మధ్య ఆదాయ దేశాలకి ఏడాదికి సుమారు 40 డాలర్లకే దీన్ని అందించే ఒప్పందాలు ప్రకటించారు. తయారు చేయబోతున్నవి డాక్టర్ రెడ్డీస్, హెటిరో. రెండూ హైదరాబాదు కంపెనీలే. రాస్ దోమని కోసిన గదికి ఎంతో దూరంలో లేని ఊరు.

మలేరియా టీకాల్లోనూ ఇలాంటి కథే నడుస్తోంది. మొదటి టీకాని 2019 నుంచి ఘనా, కెన్యా, మలావీ దేశాల్లో 20 లక్షలకి పైగా పిల్లలకి వేసి చూశారు. వేసిన ప్రాంతాల్లో ఆ వయసు పిల్లల మరణాలు 13 శాతం తగ్గాయి. 2023లో సిఫార్సు అందుకున్న రెండో టీకా ఆక్స్‌ఫర్డ్‌లో పుట్టి పుణెలో సీరమ్ సంస్థలో పెద్ద ఎత్తున తయారవుతోంది.

ఇంత చెప్పాక ఒక ఆందోళన కూడా చెప్పాలి. పై కథల్లో మలుపు తిప్పిన పనులు చాలావరకు మొదట్లో ఎవరికీ ఉపయోగంగా కనిపించనివి. బ్యాక్టీరియా వైరస్‌ని ఎలా గుర్తుపడుతుందన్నది ఎవరి రోగాన్నీ తగ్గించే ప్రశ్న కాదు. ఎంఆర్ఎన్ఏనే నమ్ముకున్న శాస్త్రవేత్త కాటలిన్ కరికోకి గ్రాంట్లు రాలేదని 1995లో విశ్వవిద్యాలయం హోదా తగ్గించింది. 2023లో ఆమెకి నోబెల్ వచ్చింది. అయినా మనం పాఠం నేర్చుకున్నట్టు లేదు. 2025 ఆగస్టులో అమెరికా ప్రభుత్వం ఎంఆర్ఎన్ఏ టీకాల మీద 22 ప్రాజెక్టుల్ని ఆపేసింది. వాటి విలువ దాదాపు 50 కోట్ల డాలర్లు. ఇది తప్పు. అమెరికాలో ఓటు హక్కున్న ప్రతి ఒక్కరూ తమ ప్రతినిధికి రాయాల్సిన విషయమని నేననుకుంటున్నాను.

మన ఇళ్లలో కూడా ఒక మాట మారాలి. జీవశాస్త్రం చదువుతాను, పరిశోధన చేస్తాను అని పిల్ల అంటే "దాంతో ఏం ఉద్యోగం వస్తుందమ్మా?" అని అడుగుతాం. అడిగేది ప్రేమతోనే, నాకు తెలుసు. నేనూ అడిగాను. ఇకనుంచి "ఏం కనుక్కోవాలనుకుంటున్నావు?" అని అడుగుదాం. ఆ పిల్ల చెప్పేది సగం అర్థం కాకపోయినా కూర్చుని విందాం. మన తెలుగు సంఘం సభల్లో వేదిక మీదికి పిలిచేవాళ్లలో ప్రయోగశాలలో పనిచేసే కుర్రవాళ్లు కూడా ఉండాలని కార్యవర్గాన్ని కోరుతున్నాను.

2025 నవంబరులో లెనకపావిర్ మొదటి సూదులు ఆఫ్రికాలోని ఎస్వాతినీకీ జాంబియాకీ చేరాయి. అమెరికాలో అనుమతి వచ్చిన ఏడాదే. చేరినవి చాలా తక్కువ మోతాదులు. కానీ ఈసారి అనుమతి వచ్చిన తేదీకీ అక్కడికి అందిన తేదీకీ మధ్య ఉన్నది అయిదు నెలలు.