లెక్క బయటికి చదవాలి

ఆడిటర్ వస్తున్నాడంటే మన దగ్గర ఇప్పటికీ ఒకటే అర్థం. ఎవరో ఏదో తిన్నారు, పట్టుకోడానికి వస్తున్నారు. వారం ముందునుంచే ఆఫీసులో టెన్షన్. కావలిలో డిగ్రీ పిల్లలకు కామర్స్ చెప్పే నాకు క్లాసులోనూ ఇదే ఎదురవుతుంది. ఆడిట్ ఎందుకు అని అడిగితే ‘మోసాలు పట్టడానికి’ అంటారు. మోసం బయటపడితే పడవచ్చు, కానీ అసలు పని అది కాదు. లెక్క రాసిన మనిషి కాకుండా, ఆ లెక్కతో లాభనష్టాలు లేని మరొకరు వోచర్లు, బ్యాంకు పుస్తకం, సరుకు చూసి, దీన్ని నమ్మవచ్చో లేదో సంతకం పెట్టి చెప్పడమే ఆడిట్.

లాటిన్‌లో ‘ఆడిరే’ అంటే వినడం. ఆడిట్ అనే మాట అక్కడినుంచే వచ్చింది. పూర్వం ఇంగ్లండులో లెక్కలు రాసినవాడు వాటిని బయటికి చదివేవాడు, కూర్చుని విని తప్పొప్పులు తేల్చేవాడే ఆడిటర్. నాలుగు వందల పేజీల పాఠ్యపుస్తకం కంటే ఈ ఒక్క అర్థం నాకు ఎక్కువ ఉపయోగపడింది. అది ఎందుకో మా అమ్మ ఉన్న పొదుపు సంఘంలో చూశాను.

నెల్లూరు జిల్లాలో పొదుపు సంఘమంటే మామూలు సంగతి కాదు. 1992లో దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. ఆ ఉద్యమం చల్లారకముందే రోజుకో రూపాయి దాచుకునే పొదుపు ఇక్కడ ఊరూరా పాకింది. అలాంటి సంఘం సమావేశం ఒకదానికి ఉదయగిరి వైపు మా ఊళ్లో నేనూ వెళ్లి కూర్చున్నాను. చాప మీద పది మంది. పుస్తకాలు రాసే అమ్మాయి ఒక్కొక్కరి పేరు చదివి పొదుపు ఎంత, కట్టిన కంతులు ఎన్ని, అప్పు నిల్వ ఎంత అని చెబుతోంది. మధ్యలో ఒకామె చెయ్యెత్తింది. “నేను మూడు కంతులు కట్టా గదమ్మా, రెండే ఉండాయంటావేంది?”

ఆ అమ్మాయి మొహం పాలిపోయింది. రసీదు పుస్తకం తీశారు, రసీదులు మూడున్నాయి. బ్యాంకు పాస్‌బుక్కులోనూ మూడు కంతుల డబ్బూ పడింది. మరి ఆ మూడోది ఎటు పోయింది? సంఘంలో అదే పేరు గల ఇంకొకామె ఉంది, ఇంటిపేరు ఒక్కటే వేరు. ఈమె కంతు ఆమె పేజీలో ఎక్కింది. అక్కడికక్కడే తప్పు దిద్ది, పక్కన ఇద్దరి సంతకాలు తీసుకుని, తీర్మానాల పుస్తకంలో రాశారు. పది నిమిషాల పని. కానీ ఆ పుస్తకం ఎవరూ చదవకుండా ఆరు నెలలు బీరువాలో ఉండి, తర్వాత ఎప్పుడో తేడా బయటపడి ఉంటే, ఆ అమ్మాయి పొరపాటు చేసిందని ఊళ్లో ఎవరనేవారు? డబ్బు తిన్నదనేవారు. ఆడిట్ దొంగను పట్టిస్తుందో లేదో గానీ, నిజాయితీగా రాసేవాళ్ల పరువు కాపాడుతుంది. ఈ ఉపయోగం గురించి మనం దాదాపు మాట్లాడుకోనే మాట్లాడుకోం.

కాగితం చూస్తే సరిపోదు, సరుకూ చూడాలి. ఇంగ్లండులో 1896 నాటి కింగ్‌స్టన్ కాటన్ మిల్లు కేసు కామర్స్ చదివిన అందరికీ తెలుసు. ఆ మిల్లు మేనేజరు ఏళ్ల తరబడి సరుకు నిల్వను ఎక్కువ చేసి చూపాడు. ఆడిటర్లు అతను ఇచ్చిన సర్టిఫికెట్ నమ్మారు. వాళ్ల తప్పు లేదంటూ, ఆడిటర్ కాపలా కుక్కే గానీ వేటకుక్క కాదని జడ్జి లోప్స్ అన్నది ఆ కేసులోనే. ఆ మాటను సాకుగా వాడుకునే కాలం పోయింది. ఇప్పటి ఆడిటింగ్ ప్రమాణాల ప్రకారం నిల్వ పెద్ద మొత్తంలో ఉంటే, లెక్కించేటప్పుడు ఆడిటర్ దగ్గరుండి చూడాలి. మన వైపు ధాన్యం గోదాములో అది ఎంత అవసరమో చెప్పనక్కరలేదు. బస్తాల నెట్టు ముందువైపు వరసలు ఎంచి వెనక్కి గుణిస్తే లెక్క వస్తుంది, నడుమ బోలుగా ఉందో లేదో పైకెక్కి చూస్తేనే తెలుస్తుంది. పైగా ఇక్కడ పుట్టి లెక్క. నెల్లూరు పుట్టి అంటే 850 కిలోలు. బిల్లులో క్వింటాళ్లు, రిజిస్టరులో పుట్లు ఉంటే, 100 పుట్లంటే 850 క్వింటాళ్లని తెలియని మనిషి ఎంత పెద్ద చదువు చదివినా ఆ రెండింటినీ కలపలేడు.

డబ్బు విషయానికొస్తే, తెలుగువాళ్లు సత్యం కంపెనీని మరచిపోరు. 2009 జనవరి 7న ఆ కంపెనీ చైర్మన్ రామలింగరాజు రాసిన లేఖ ప్రకారం పుస్తకాల్లో నగదు, బ్యాంకు నిల్వ కింద చూపింది 5,361 కోట్లు, అందులో 5,040 కోట్లు లేనే లేవు. బ్యాంకులో ఎంత ఉందో ఆడిటర్ బ్యాంకునే నేరుగా అడిగి తెప్పించుకోవాలి. సత్యం ఆడిటర్లు ఆ పనిని కంపెనీ చేతుల్లోనే పెట్టేశారని అమెరికా సెక్యూరిటీస్ కమిషన్ 2011లో తప్పుపట్టింది. అది పెద్ద కుంభకోణమే, దాన్ని ఆపగలిగింది మాత్రం చాలా చిన్న పని. సంఘంలో పాస్‌బుక్కు తెరిచి చూసినంత పని.

ప్రభుత్వం డబ్బు సంగతీ అంతే. ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ నివేదికను చట్టసభ ముందు పెట్టాలని రాజ్యాంగం 151వ అధికరణంలోనే ఉంది, అంటే అదీ నలుగురి ముందుకు రావలసిందే. 2005 ఉపాధి హామీ చట్టం 17వ సెక్షన్ ఇంకో అడుగు వేసి, పనుల లెక్కను గ్రామసభే తనిఖీ చేయాలంది. దాన్ని మొదట గట్టిగా పట్టుకున్నది మన రాష్ట్రమే. కూలీల ఇళ్లలోంచే వచ్చిన చదువుకున్న పిల్లలు హాజరు మస్టర్ పట్టుకుని గడపగడపకూ తిరిగి, ‘నీకు ఇన్ని రోజులు పని పడిందని ఉంది, నిజమేనా?’ అని అడిగారు. చచ్చిపోయినవాళ్ల పేరున పడ్డ హాజరు ఏ ఆఫీసు గదిలోనూ దొరకదు, అలా గడపలో నిలబడి అడిగితేనే దొరుకుతుంది.

ఇంత తెలిసీ, మన సహకార సంఘాల్లో, అపార్ట్‌మెంటు కమిటీల్లో, ఊరి గుడి ఉత్సవాల కమిటీల్లో ఏం జరుగుతోంది? ఆడిట్ చేయిస్తారు, రిపోర్టు వస్తుంది, ఫైలుకు పోతుంది. మహాజన సభలో ‘ఆడిట్ పూర్తయింది’ అని ఒక్క మాట, చప్పట్లు, టీ. ఆ రిపోర్టులో ఆడిటర్ ఎన్ని అభ్యంతరాలు రాశాడో, పోయినేటివి ఎన్ని తీరాయో ఏ సభ్యుడూ వినడు. నా దృష్టిలో అలాంటిచోట ఆడిట్ సగమే జరిగినట్టు. ఆ రెండు పేజీలు, ఆడిటర్ అభిప్రాయమూ తీరని అభ్యంతరాలూ, తెలుగులో, మైకులో చదివి తీరాలని బైలాల్లో రాసుకోవచ్చు. దీనికి పైసా ఖర్చు లేదు.

ఆ సంక్రాంతికి మళ్లీ ఊరెళ్లినప్పుడు సంఘం సమావేశం జరుగుతోంది. పుస్తకాలు రాసే అమ్మాయి ఇప్పుడు పేరుతోపాటు ఇంటిపేరూ చదువుతోంది. అంకె చెప్పాక ఆగి ఆ మనిషి వైపు చూస్తోంది. ఆమె “ఆఁ” అన్నాకే తర్వాతి పేరు.