ఖాళీ గడి మహిమ

ప్రాజెక్టు డాష్‌బోర్డులో రంగులు మూడే: ఎరుపు, పసుపు, పచ్చ. ఎరుపు కనబడగానే పైవాళ్లు సాయానికి రావాలని శాస్త్రం. పైవాళ్లు వస్తారు, నిజమే. సాయం మాత్రం రాదు, సమీక్షలు వస్తాయి. ఎరుపెందుకైందని పొద్దున ఒకటి, ఎప్పటికి పచ్చబడుతుందని సాయంత్రం ఒకటి. మధ్యలో సందు దొరికితే పని చేసుకోవచ్చు.

అందుకే నాలుగు ప్రాజెక్టులు చూసిన టీమ్ లీడెవరూ ఎరుపు జోలికి పోరు. పసుపు పెడతారు. మునుగుతున్నాం గానీ కేకలు వేయడం లేదని దానర్థం. ఇంకాస్త ముదిరినవాళ్లు ఏకంగా పచ్చే పెట్టేస్తారు. బయట పచ్చగా ఉండి కోస్తే ఎర్రగా ఉండేవాటికి ఈ వృత్తిలో పుచ్చకాయ ప్రాజెక్టులని పేరు. పైన పటారం, లోన లొటారం.

మా కొత్త మేనేజరుగారికి ఈ దొంగ రంగులంటే ఒళ్లుమంట. "ఇకమీదట రంగు మీరు పెట్టక్కర్లేదు, లెక్కే పెడుతుంది" అని రిస్క్ రిజిస్టర్, అంటే రాబోయే ముప్పుల చిట్టా, తెరిచారు. ప్రతి రిస్కుకూ జరిగే అవకాశానికి 1 నుంచి 5, జరిగితే కలిగే నష్టానికి 1 నుంచి 5. రెండూ గుణిస్తే స్కోరు. 15 దాటితే ఎరుపు, 6 లోపైతే పచ్చ. మనిషి చెయ్యి పడదు కాబట్టి మోసానికి తావులేదు.

మొదటి సమీక్షలో తెరంతా పచ్చపచ్చగా కళకళలాడింది, టెస్టింగ్ టీమ్ గడి ఒక్కటి తప్ప. కారణం చిన్నదే. రిజిస్టర్ నింపింది వాళ్లొక్కరే. "సర్వర్లు సమయానికి రాకపోవచ్చు, 4 ఇంటూ 5, ఇరవై" అని నిజాయితీగా రాసుకున్నారు. మిగతావాళ్లు గడులు ఖాళీగా వదిలేశారు. షీటుకు ఖాళీ అంటే సున్నా. సున్నా 6 లోపే కదా!

"మీ ఒక్కళ్లకే ఎందుకమ్మా రిస్కు?" అన్నారు మేనేజరుగారు.

"మేం రాశాం సార్."

"అదే అడుగుతున్నా. ఎందుకు రాశారు?"

డేటా మైగ్రేషన్ టీమ్ అప్పటికింకా పని మొదలే పెట్టలేదు. తెర మీద అందరికన్నా పచ్చగా ఉన్నది వాళ్లే. రిస్కు లేకుండా ఎలా నెట్టుకొస్తున్నారో మిగతా టీములకు చెప్పమన్నారు. ఆ లీడుగారు స్లయిడ్లు వేసి మరీ చెప్పారు. ముఖ్యంగా ముందుచూపు గురించి.

మరుసటి సమీక్షకు టెస్టింగ్ గడి కూడా పచ్చబడింది. సర్వర్లు రాలేదు, ఆ వరుస తీసేశారు. గణాంకాల్లో కనబడే క్రమాన్ని పట్టుకుని అజమాయిషీ చేయబోతే ఆ క్రమమే చెదిరిపోతుందని చార్లెస్ గుడ్‌హార్ట్ అనే ఆర్థికవేత్త 1975లోనే అన్నాడు. పాపం ఆయన చూసింది ద్రవ్య విధానమే. మా షీటు చూసుంటే ఇంత మర్యాదగా అనేవాడు కాదు.

సర్వర్లు చివరికి వచ్చాయి, గడువు దాటాక. ఈలోగా మేనేజరుగారికి ఎస్‌పీఐ, అంటే షెడ్యూల్ పెర్ఫార్మెన్స్ ఇండెక్స్, మీద గురి కుదిరింది. చేసిన పని విలువను, ఈపాటికి కావలసిన పని విలువతో భాగిస్తే వచ్చే అంకె అది. 1కి తగ్గితే వెనకబడ్డట్టు. ఇందులో ఒక సొగసుంది. గడువు దాటాక "కావలసిన పని" ఇక పెరగదు, మొత్తం పని దగ్గరే ఆగిపోతుంది. చేసిన పని నత్తనడకన అయినా ఏదో ఒకనాటికి అక్కడికే చేరుతుంది. రెండూ సమానం, భాగిస్తే 1. ఎంత ఆలస్యంగా ముగిసిన ప్రాజెక్టయినా ఈ లెక్కలో సకాలంలో ముగిసినట్టే.

మాదీ అలాగే ముగిసింది. 1.00 అని ఇంత లావు అక్షరాలతో పచ్చగా వెలిగింది. మేనేజరుగారు అందరికీ అభినందనల మెయిల్ పెట్టారు. అదే పూట ఆలస్యానికి జరిమానా మాట్లాడదామని క్లయింటు ఫోన్ చేశాడు.

"ఆలస్యమేమిటండీ, మా డాష్‌బోర్డులో 1.00 ఉంది" అన్నారు ఈయన ధీమాగా.

"మా దగ్గర క్యాలెండరుందండీ" అన్నాడాయన.