కాపాడాలంటే ముందు కూల్చాలి

పాత కట్టడాలతో వచ్చిన చిక్కల్లా అవి పాతవి కావడమే. పెచ్చులూడతాయి, గోడల మీద గడ్డి మొలుస్తుంది, పైగా ట్రాఫిక్‌కు అడ్డం. ఈ జబ్బుకు బీజింగ్ నగరం కనిపెట్టిన మందును మనం ఇంకా సరిగ్గా మెచ్చుకోలేదని నా బాధ.

1950లో లియాంగ్ సిచెంగ్ అనే ఆర్కిటెక్టు సర్కారుకు ఒక విడ్డూరమైన సలహా ఇచ్చాడు. కొత్త ఆఫీసులు పడమటి వైపు కట్టుకుని పాత ఊరి జోలికి రాకండి, కోటగోడ మీద మొక్కలు పెంచి జనానికి పార్కు చేయండి అన్నాడు. ఇంత తేలిగ్గా అయిపోయే పనికి ఏ సర్కారైనా ఒప్పుకుంటుందా? గోడను దాదాపు మొత్తం పీకేశారు. అది ఉన్న దారిలో కింద మెట్రో, పైన రెండో రింగ్ రోడ్డు వచ్చాయి. ఇటుకలు జనం మోసుకుపోయి ఇళ్ళకు వాడుకున్నారు. 1990ల్లో సర్కారుకు గోడ మీద హఠాత్తుగా ప్రేమ పుట్టింది. ‘మీ దగ్గరున్న ఇటుకలు కాస్త తెచ్చివ్వండి’ అని అడిగింది. పాపం, జనం తెచ్చిచ్చారు కూడా! వాటితో మిగిలిన ఒకటిన్నర కిలోమీటర్ల ముక్కకు మరమ్మతు చేసి, పక్కనే పార్కు పెట్టారు. చచ్చినవాడి కళ్ళు చారెడు.

లియాంగ్ కాపురమున్న ఇంటినీ మరిచిపోలేదు. వారసత్వ కట్టడమని గుర్తించాక, 2012లో పడగొట్టారు. అడిగితే, అది ‘మరమ్మతు కోసం కూల్చివేత’ అని వివరణ వచ్చింది. ఆపరేషన్‌కు ముందే దహనం చేసే ఆసుపత్రి ఎక్కడైనా ఉంటే ఈ పద్ధతి వాళ్ళకూ పనికొస్తుంది. తర్వాత బిల్డర్‌కు ఐదు లక్షల యువాన్ల జరిమానా వేసి, ఇంటిని మళ్ళీ కట్టమన్నారు.

పాతవి కొత్తవయ్యాక, కొత్తవి పాతవి కావాలి కదా. 528 మీటర్ల సిటిక్ టవర్‌ను పూర్వకాలపు మద్యపాత్ర ఆకారంలో లేపారు. అలాంటి వంశవృక్షం చూసుకోని చైనా సర్కారు టీవీ సంస్థ భవనానికి ఊరి జనం పెట్టిన పేరు ‘పెద్ద నిక్కరు’.

ఇక దక్షిణ ద్వారం యోంగ్‌డింగ్‌మెన్. 1553లో కట్టారు, 1957లో అడ్డమని కూల్చారు, 2004లో అక్కడే మళ్ళీ కట్టారు. 2024లో యునెస్కో బీజింగ్ నడుమ సాగే 7.8 కిలోమీటర్ల చారిత్రక కట్టడాల వరుసకు ప్రపంచ వారసత్వ హోదా ఇచ్చినప్పుడు, దాని దక్షిణపు కొస ఈ గేటే. 1420లో పూర్తయిన రాజప్రాసాదానికీ, నిన్నగాక మొన్న సిమెంటు ఆరిన దీనికీ ఒకే పంక్తిలో విస్తరి.