మొక్కజొన్న చెవి పెట్టినవాడు పిచ్చోడా?

రోహిణి కార్తె ఎండకు కావలిలో జనం గడప దాటడంలేదు గానీ ఫార్వర్డులు మాత్రం తెగ తిరుగుతున్నాయి. రెండు రోజుల్లో మూడు గ్రూపుల్లో ఒకటే బొమ్మ: పండ్లూ కూరగాయలతో కూర్చిన మనిషి మొహం. కింద రాత: "పిచ్చెక్కిన చిత్రకారుడు రాజును వెక్కిరిస్తూ వేసిన మొదటి సర్రియలిస్టు చిత్రం. ఫోన్ తలకిందులు చేస్తే కూరగాయల గిన్నె కనపడుతుంది." (సర్రియలిజం అంటే కలల్లోలాంటి వింతలను గీసే కళా ఉద్యమం.) బొమ్మ నిజమైందే. మిలాన్‌లో పుట్టిన జుసెప్పె ఆర్చింబోల్డో 1563లో చెక్క మీద వేసిన 'వేసవి', ఇప్పుడు వియన్నా మ్యూజియంలో ఉంది. రాతే తప్పులతడక.

పిచ్చి అంటారా, దగ్గరగా చూడండి. బుగ్గ పీచ్ పండు, ముక్కు కీరదోసకాయ, గడ్డం బేరికాయ. విచ్చుకున్న బఠాణీ కాయే పలువరస. ఒంటిమీద గడ్డితో అల్లిన చొక్కా. దాని కాలరు అల్లికలోనే తన పేరు, భుజం దగ్గర సంవత్సరం కలిపేశాడు. పిచ్చోడికి ఇంత ఓపికా? ఇక చెవి. అది మొక్కజొన్న కండె! మనకు రోడ్డు పక్కన నిప్పుల మీద కాల్చి ఇచ్చేదే గానీ, అమెరికా నుంచి యూరప్ చేరి అప్పటికి డెబ్బై ఏళ్ళే. పాత పంటల నడుమ కొత్త పంటను తెచ్చి చెవి చేశాడంటే, ఏది ఎందుకు పెడుతున్నాడో తెలిసే పెట్టాడు.

రాజును వెక్కిరించడమా? ఆర్చింబోల్డో వియన్నా ఆస్థాన చిత్రకారుడు. 1569 కొత్త సంవత్సరానికి 'వేసవి'తో కలిపి నాలుగు రుతువుల బొమ్మలను చక్రవర్తి రెండో మాక్సిమిలియన్‌కు కానుకిస్తే, ఏలికను పొగిడే పద్యం కూడా వాటి వెంట వెళ్ళింది. చక్రవర్తి మురిసిపోయి జర్మనీలోని సాక్సనీ ప్రభువుకు పంపడానికి ఆ నాలుగు బొమ్మలూ ఇంకోసారి వేయించాడు. 1573 నాటి ఆ 'వేసవి' పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉంది. తనను ఎగతాళి చేసిన బొమ్మను ఎవడైనా పనిగట్టుకుని పక్క దొరకు పంపుకుంటాడా?

సర్రియలిజం ప్రకటన వచ్చింది 1924లో. ఆర్చింబోల్డో పోయింది 1593లో. సర్రియలిస్టులు ఈయన్ని మెచ్చుకున్నారు, అంతవరకే. ఈయనది మేనరిజం కాలం, అంటే సహజత్వం కన్నా చమత్కారానికి విలువిచ్చిన కళా శైలి నడిచిన కాలం: విడిగా చూస్తే ప్రతి పండూ చెట్టున ఉన్నట్టే ఉంటుంది, కూర్పులోనే చమత్కారమంతా.

ఫోన్ నేనూ తిప్పి చూశాను. ఏ గిన్నే రాలేదు. ఆ గారడీ ఆయనదే, కానీ వేరే బొమ్మలోది. పేరు 'తోటమాలి'. అందులో కూరగాయల గిన్నెను తిరగేస్తే, గిన్నె టోపీ అవుతుంది, ఉల్లిగడ్డ బుగ్గవుతుంది.