సవరణ: రాబర్ట్ నాక్స్ ఓడ, మచిలీపట్నం తుఫాను

ఈస్టిండియా కంపెనీ ఓడలో వచ్చి, శ్రీలంకలోని కాండీ రాజ్యంలో ఏళ్లపాటు బందీగా బతికిన ఇంగ్లిష్ నావికుడు రాబర్ట్ నాక్స్ గురించి రాసిన మొన్నటి పోస్టులో "తుఫాను నాక్స్‌ను శ్రీలంకలో పడేసింది" అని ఉంది. దాన్ని ఇలా సవరించి చదవండి. 1659 నవంబరు 19న తుఫాను కొట్టింది మచిలీపట్నం రేవులో. ఓడను కాపాడుకోవడానికి పెద్ద తెరచాప స్తంభాన్నే నరికేశారు. కొత్తది నిలబెట్టుకోవడానికి, పనిలో పనిగా బట్టల వ్యాపారానికి, మద్రాసులోని కంపెనీ కోట ఆదేశంతోనే శ్రీలంకలోని కొట్టియార్‌కు వెళ్లారు. అక్కడ 1660లో కాండీ రాజు మనుషులకు చిక్కారు. నాక్స్‌కు అప్పటికి ఇరవై ఏళ్లు నిండలేదు.

కంపెనీ సరుకుతో వచ్చినవాళ్లను ఒడ్డుకు కొట్టుకొచ్చిన దిక్కులేనివాళ్లుగా చదివితే కథే మారిపోతుంది. ఆ బందీ జీవితం గురించి, శ్రీలంక గురించి నాక్స్ రాసిన పుస్తకం 1681లో, శాస్త్రవేత్త రాబర్ట్ హుక్ సాయంతో అచ్చయింది. అక్కడ టోపీలు అల్లి, వడ్లు వడ్డీకిచ్చి బతికినవాడు కాబట్టి పల్లె బతుకు, వరి సాగు గురించి అతని మాట నమ్ముతాను. రాజు మనసులో ఏముందో చెప్పేచోట మాత్రం అప్పట్లో శ్రీలంక తీరాన్ని ఏలిన డచ్చివాళ్ల రికార్డులతో పోల్చి చూడాల్సిందే.