ఎద్దు ఈనింది (తదితరులు, 1980)

సాహిత్య సమీక్ష రాస్తున్నానని చెబితే మా బాబాయి "ఏ నవల మీదరా?" అని అడిగాడు. నవల కాదు బాబాయ్, నా అంశం మీద ఇంతకుముందు ఎవరెవరు ఏమేం పరిశోధించారో చదివి, బేరీజు వేసి, థీసిస్‌లో రెండో అధ్యాయంగా పెట్టడం అని వివరించాను. "ఓహో, అయితే అవన్నీ చదివావన్నమాట" అన్నాడు. చదువుకున్నవాళ్ళెవరూ ఇంత మోటుగా మాట్లాడరు.

నిజానికి చదవాలా వద్దా అనే సందేహాన్ని సైన్సు ఎప్పుడో తీర్చేసింది. 2003లో సిమ్‌కిన్, రాయ్‌చౌధురి అనే ఇద్దరు పరిశోధకులు పరిశోధన పేపర్ల చివర ఉండే రెఫరెన్సుల్లో అచ్చుతప్పులు ఏరుతూ కూర్చున్నారు. రెండు జవాబు పత్రాల్లో ఒకే తప్పు కనబడితే పేపర్లు దిద్దే మాస్టారికి ఏం అనుమానం వస్తుందో, వాళ్ళకీ అదే వచ్చింది. ఒకరు ఎక్కడో పేజీ నంబరు తప్పు రాస్తే, ఆ తప్పు పొల్లుపోకుండా తర్వాతివాళ్ళ జాబితాల్లోకి దిగుతోంది. లెక్క కట్టి, ఒక పేపర్ని ఉటంకించినవాళ్ళలో దాన్ని చదివినవాళ్ళు సుమారు 20 శాతమేనని తేల్చారు. ఈ అంకె నేను వాళ్ళ పేపరు చదివే చెబుతున్నాను. పేపరంటే, దాని మొదట్లో ఉండే సారాంశం, అబ్‌స్ట్రాక్టు.

ఇక విధానానికి వద్దాం. ఛాందసులు చెప్పే పద్ధతి చాలా పెద్దది. ముందు అంశాన్ని ఒక ప్రశ్నగా మార్చాలి. ఆ ప్రశ్నలోని మాటలకు పర్యాయపదాలు రాసుకోవాలి, వాటిని ఆండ్, ఆర్‌లతో ముడివేసి వెతకాలి, ఏ డేటాబేసులో ఏ తేదీన వెతికితే ఎన్ని వచ్చాయో, ఎన్ని ఎందుకు వదిలేశామో నోటు చేసుకోవాలి. క్రమబద్ధ సమీక్షలకైతే 2009లో ప్రిస్మా అని ఒక నియమావళి వచ్చింది. అందులో 27 అంశాలు. ఒక మంచి పేపరు దొరికితే దాని రెఫరెన్సులు పట్టుకుని వెనక్కీ, దాన్ని ఉటంకించినవాళ్ళని పట్టుకుని ముందుకీ నడవాలట. చూసిన పేర్లే మళ్ళీ మళ్ళీ ఎదురవుతుంటే అప్పుడు ఆగవచ్చట.

మా పద్ధతిలో పరిశోధన పేపర్లు వెతికిపెట్టే గూగుల్ స్కాలర్ మొదటి పేజీ చాలు. అందులో పక్కన పీడీఎఫ్ అని ఉన్నవి ప్రామాణికాలు, డబ్బులడిగేవి అప్రామాణికాలు. ప్రామాణికాలన్నిటినీ దించి ఒక ఫోల్డరులో వేయాలి. దించుకున్న క్షణాన మనసుకి ఒక నిండుదనం వస్తుంది చూడండీ, అది చదివినప్పుడు కూడా రాదు. నా ఫోల్డరులో 212 ఉన్నాయి. వాటి జోలికి నేను పోను, నా జోలికి అవి రావు.

మరీ మనసు పీకితే అబ్‌స్ట్రాక్టు చూడవచ్చు. అంతకంటే లోపలికి వెళ్తే ప్రమాదం. ఒక్క ఉదాహరణ చెప్తాను. 1980లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో పోర్టర్, జిక్ అనే ఇద్దరు సంపాదకుడికి ఒక ఉత్తరం రాశారు. మొత్తం ఐదు వాక్యాలు. ఆసుపత్రిలో ఉండగా నొప్పి తగ్గించే నార్కోటిక్ మత్తుమందులు వాడిన 11,882 మంది రికార్డులు చూస్తే, అంతకుముందు వ్యసనం లేనివాళ్ళలో కొత్తగా వ్యసనపరులైనట్టు సరైన దాఖలా ఉన్నవి నాలుగే కేసులు కనిపించాయని దాని సారాంశం. ఇంటికెళ్ళి నెలల తరబడి మాత్రలు మింగేవాళ్ళ సంగతి అందులో లేదు. ఐదు వాక్యాలు చదవడానికి అర నిమిషం చాలు. అయినా మన పరిశోధక లోకం ఆ అర నిమిషాన్ని కాపాడుకుంది. 2017లో అదే జర్నల్‌లో లెక్క తేలింది: ఆ ఉత్తరాన్ని 608 చోట్ల ఉటంకించారు. 72 శాతం మంది, ఈ మందులకు అలవాటు పడటం అరుదు అనడానికి దాన్నే సాక్ష్యంగా నిలబెట్టారు. వాళ్ళు ఆసుపత్రిలో ఉన్న రోగులన్న ముక్కని దాదాపు 81 శాతం మంది ప్రస్తావించనే లేదు. ఎద్దు ఈనిందని ఒకరంటే దూడను కట్టెయ్యమన్నాడట వెనకటికొకడు. మనవాళ్ళు అక్కడితో ఆగరు, దూడ బరువుకి టేబుల్ వేస్తారు. ఈ దూడ మాత్రం, అలవాటు కాదన్న భరోసాతో ఆ మందులు వాడిన చాలా ఇళ్ళల్లోకి వెళ్ళి పొడిచింది. ఆ ఉత్తరాన్ని ముందూవెనకా చూడకుండా ఉటంకించారని జర్నలువాళ్ళు చివరికి దాని నెత్తిన ఒక హెచ్చరిక తగిలించారు, 37 ఏళ్ళ తర్వాత.

రాయడం సులువు. ఫలానావారు (2009) ఇలా అన్నారు. ఇంకొకరు (2011) ఇలా పేర్కొన్నారు. వేరొకరు (2014) అభిప్రాయపడ్డారు. మరొకరు (2016) సూచించారు. క్రియలు అయిపోతే మళ్ళీ 'అన్నారు' నుంచి మొదలు. చదివేవాడికి హాజరు పట్టీ పిలుస్తున్నట్టుంటుంది, అందరూ వచ్చారని తృప్తి. వీళ్ళలో ఎవరు ఎవరితో విభేదించారు, ఒకరికి వచ్చిన ఫలితం ఇంకొకరికి ఎందుకు రాలేదు, ఎంతమందిని అడిగి తేల్చారు అని పట్టిక గీసుకుని ప్రశ్నల వారీగా రాయమంటారు కొందరు. పెద్దల మధ్య తగవులు పెట్టడం సంస్కారమేనా?

తర్వాత గ్యాప్, అంటే ఇంతవరకు ఎవరూ పూడ్చని ఖాళీ. "ఈ అంశంపై ఇంతవరకు సమగ్ర పరిశోధన జరగలేదు" అన్న వాక్యం లేని థీసిస్ ఉండదు. వెతకనివాడికి గ్యాప్ ఎప్పుడూ పెద్దగానే కనిపిస్తుంది.

ఇదంతా పాతకాలపు శ్రమ అనేవాళ్ళున్నారు. జర్నళ్ళు అచ్చువేసే ఎల్సెవియర్ సంస్థ రచయితల కోసం పెట్టిన నమూనాలో, రెఫరెన్సు ఎలా రాయాలో చూపించడానికి ఒక ఉత్తుత్తి పేపరు ఇచ్చింది. రచయితలు, సంవత్సరం, జర్నలు అన్నీ ఉన్నాయి, పేపరు మాత్రం లేదు. దాన్ని నిజంగానే ఉటంకించిన పేపర్లు దాదాపు 400 ఉన్నాయని 2017లో బయటపడింది. ఇప్పుడు చాట్‌బాట్‌ని అడిగితే అలాంటివి డజన్ల కొద్దీ, ప్రతి పేపరుకీ విడిగా ఉండే డీఓఐ నంబరుతో సహా ఇస్తోంది. మా తరంలో ఒక పేపరు చదవకుండా ఉండాలన్నా ముందు ఆ పేపరంటూ ఒకటి ఉండాల్సి వచ్చేది.

మా గైడు మాత్రం పాతకాలం మనిషి. నా అధ్యాయం తిరగేస్తూ ఒక రెఫరెన్సు మీద వేలు పెట్టి ఆగిపోయాడు.

"ఏమయ్యా, నీకు జర్మన్ ఎప్పుడొచ్చింది?"

"రాదు సార్."

"మరి ఈ పేపరు జర్మన్‌లో ఉంది కదా, ఏం చెప్పాడో ఎలా తెలిసింది?"

"మిగతావాళ్ళు రాశారు సార్."

"వాళ్ళకొచ్చా?"

ఆ పేపరు తెప్పించడానికి మూడు వారాలు పట్టింది. ఎనిమిది పేజీలు. 311లో మొదలై 318లో అయిపోయింది. నేనూ, నాకు ముందు రాసినవాళ్ళూ అందరం ఉటంకించింది 381వ పేజీ.

దిద్దాను. నా థీసిస్‌లో 318 అనే ఉంటుంది, కావాలంటే చూడవచ్చు. మొన్న ఒక జూనియర్ తన అధ్యాయం పంపాడు, నన్ను కూడా ఉటంకించానండీ అని. సంతోషంగా తెరిచాను. నా థీసిస్ ఆధారంగా అని రాసి మరీ, ఆ జర్మన్ పేపరు పక్కన 381 వేశాడు.