హైడ్రోజన్ కన్నా ముందు ధర్మవరం రంగునీళ్లు

యూరియాను మూత పెట్టిన మూసలో పోసి 550 డిగ్రీల దాకా కాలిస్తే లేత పసుపు పొడి మిగులుతుంది. పేరు గ్రాఫిటిక్ కార్బన్ నైట్రైడ్. ఇందులో లోహం ఉండదు. కార్బన్, నైట్రోజన్ పరమాణువులే పొరలు పొరలుగా అల్లుకుని ఉంటాయి. కాస్త ప్లాటినం తోడైతే ఈ పొడి మామూలు వెలుతురులోనే నీటి నుంచి హైడ్రోజన్‌ను రాబడుతుందని 2009లో తేలింది. యూరియా బస్తా కోసం లైన్లో నిలబడే మన రైతుకు చెబితే నమ్మడేమో!

1972 నుంచి ఈ పనికి వాడుతున్న టైటానియం డయాక్సైడ్‌కు అతినీలలోహిత కిరణాలే కావాలి. ఎండలో వాటి వాటా అయిదు శాతం దాకానే. పసుపు పొడి నీలి వెలుతురును కూడా పట్టుకుంటుంది. అందుకే సీమ ఎండకు ఇది సరిపోతుందని ఆశ.

అయితే ఆశంతా హైడ్రోజన్ మీద పెట్టడం తొందరపాటని నా అభిప్రాయం. జపాన్ పరిశోధకులు వేరే పదార్థంతో వంద చదరపు మీటర్ల ప్యానెళ్లు పరిచి, ఎండను హైడ్రోజన్‌గా మార్చడంలో 2021లో ప్రకటించిన గరిష్ఠ సామర్థ్యం 0.76 శాతం. మేడ మీది సోలార్ ప్యానెల్ 20 శాతం ఇస్తోంది. ఓర్వకల్లు దగ్గర 1,000 మెగావాట్ల సోలార్ పార్కు ఎప్పుడో వచ్చేసింది. కరెంటుతో పోటీ పడి ఈ పొడి ఇప్పట్లో గెలవదు.

గెలిచే చోటు ధర్మవరం. పట్టునూలుకు రంగులద్దే ఇళ్ల వెనక కాలువ ఒకరోజు ఎర్రగా, మరోరోజు ముదురు నీలంగా పారుతుంది. ఆ నీళ్లలో వేసిన పొడికి ఎండ తగిలితే అందులో ఎలక్ట్రాన్లు కదులుతాయి. నీటిలో కరిగి ఉన్న ఆక్సిజన్ వాటిని అందుకుని చురుకైన రూపాల్లోకి మారి రంగు అణువులను విరగ్గొడుతుంది. చిక్కేమిటంటే, కదిలిన ఎలక్ట్రాన్లు క్షణంలో వెనక్కి చేరిపోతాయి. వాటిని లాక్కుపోవడానికి గ్రాఫీన్‌లాంటి మరో కార్బన్ పదార్థాన్ని కలుపుతారు. శెనక్కాయల పొట్టును కాల్చి తీసిన కార్బన్‌తోనూ ఇలాంటి ప్రయత్నాలు జరిగాయి. పొట్టుకు అనంతపురంలో కరువా?

ల్యాబ్‌లో మాత్రం డిస్టిల్డ్ వాటర్‌లో ఒకే రంగు కలిపి, దీపం కింద పెట్టి చూస్తారు. అసలు కాలువ నీళ్లలో ఉప్పు, సబ్బు, నాలుగైదు రంగులు ఉంటాయి. పైగా రంగు పోయినంత మాత్రాన విషం పోయినట్టు కాదు. విరిగిన ముక్కల్లో ఏం మిగిలిందో కూడా కొలవాలి. పొడి నీళ్లతోపాటు కొట్టుకుపోకుండా పెంకుల మీద అంటించాలి. ఇంకో మాట, మన బోర్లలోని ఫ్లోరైడ్‌ను ఇది తీయలేదు. అది విరిగిపోయే పదార్థం కాదు. ఆ ఆశ ఎవరికీ పెట్టకూడదు.

కడప యోగి వేమన విశ్వవిద్యాలయంలో నానో పదార్థాల మీద ప్రత్యేక విభాగమే ఉంది. అనంతపురంలో జేఎన్‌టీయూ, శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం ఉన్నాయి. అద్దకం ఇంటి వెనక నాలుగు తొట్లు కట్టించే డబ్బు ఇస్తే చాలు, అసలు పరీక్ష మొదలవుతుంది. మే నెల ఎండలో ఒకసారి, మబ్బు పట్టిన శ్రావణంలో ఒకసారి కొలవాలి. శ్రావణం అంటే పెళ్లి పట్టుచీరల గిరాకీ. కాలువకు రంగు ఎక్కువ, ఆకాశంలో ఎండ తక్కువ.